పసరు వాంతి, పెద్ద కోత, చిన్న కోత

ముందే చెప్పేస్తున్నా, నేను డాక్టర్ని కాదు. కోడు రాసుకుని బతికేవాణ్ణి. ఇక్కడ రాసినదంతా ఒక రాత్రి చేసిన తెలివితక్కువ పనికి ప్రాయశ్చిత్తంగా తర్వాత కొన్నేళ్ళు కూర్చుని చదువుకున్నది. మీ ఇంట్లో పసిబిడ్డకి ఏమన్నా అయితే ఇది చదువుతూ కూర్చోకండి, ఆసుపత్రికి పరిగెత్తండి.

2009 లో మా చెల్లెలికి గుంటూరులో బాబు పుట్టాడు. మూడు కేజీలు, ఏ ఇబ్బందీ లేని కాన్పు. నేను బెంగుళూరు నుంచి వారం సెలవు పెట్టి వెళ్ళాను. మూడో రోజు సాయంత్రం బాబు పాలు కక్కాడు. పసిపిల్లలు కక్కడం మామూలే కదా అనుకున్నాం. రాత్రి ఎనిమిదింటికి మళ్ళీ కక్కాడు, ఈసారి ఆకుపచ్చగా. చిక్కుడాకు నూరి పిండినట్టుంది. "పసరు పడిందిరా, తగ్గిపోతుందిలే" అంది మా అమ్మ. నర్సు మాత్రం ఆ గుడ్డ చూసి ఏమీ మాట్లాడకుండా ఫోను దగ్గరికి పరిగెత్తింది.

గంటన్నరలో మేం పిల్లల సర్జన్ ఉన్న ఇంకో ఆసుపత్రిలో ఉన్నాం. స్కానింగ్ లో పేగుల రక్తనాళాలు సుడి తిరిగినట్టు కనిపిస్తున్నాయన్నారు. "పేగు మెలిపడింది. ఇప్పుడే పొట్ట తెరవాలి, సంతకం పెట్టండి" అన్నారు డాక్టరుగారు. మా బావ పెన్ను తీసుకున్నాడు. నేను "ఆగు బావా" అన్నాను.

ఎందుకాగమన్నానంటే, అంతకు ఆర్నెల్ల ముందే మా టీమ్ లీడ్ కి పిత్తాశయం కీహోల్ లో తీశారు. నాలుగో రోజుకల్లా ఆఫీసులో కూర్చుని నా కోడ్ లో తప్పులు వెతికాడు. ఈ రోజుల్లో పొట్ట అడ్డంగా కోసేవాళ్ళున్నారా అని నా అనుమానం. "కీహోల్ చెయ్యరా సార్? హైదరాబాద్ లో చేస్తారు కదా?" అనడిగాను. "చేస్తారండీ. నేనూ కాస్త పెద్ద పిల్లలకి చేస్తాను. ఈ బాబుకి ఈ రాత్రి మాత్రం చెయ్యను" అన్నారాయన. నాకది తప్పించుకునే మాటలా వినిపించింది. లాప్ టాప్ తీసి, డేటా కార్డు గుచ్చి, గూగిలించడం మొదలెట్టాను. హైదరాబాద్ లో ఇద్దరు స్నేహితులకి ఫోన్లు. అంబులెన్సు దొరుకుతుందా అని ఎంక్వైరీ. బావ పెన్ను పట్టుకుని నా మొహం చూస్తూ నుంచున్నాడు. ఇంటర్ నుంచి "చదువుకున్నోడు, వీడికి తెలుసు" అనిపించుకున్న దరిద్రం ఇదీ.

చివరికి ఆ డాక్టరుగారే బయటికొచ్చి అన్నారు: "మీరు కోత ఎంత పొడుగో చూస్తున్నారు. నేను లోపల పేగు ఏ రంగులో ఉందా అని చూస్తున్నాను."

సంతకం పడేసరికి రెండు గంటలు గడిచాయి.

ఇప్పుడు చరిత్రలోకి వెళ్దాం.

కీహోల్ సర్జరీ, అంటే లాప్రోస్కోపీ, కొత్తదేం కాదు. 1901 లోనే గియోర్గ్ కెల్లింగ్ అనే జర్మన్ డాక్టరు హాంబర్గ్ లో ఒక కుక్క పొట్టలోకి గాలి ఎక్కించి, గొట్టం దూర్చి లోపల చూపించాడు. చూడటమే తప్ప చెయ్యడం లేదప్పుడు. చెయ్యడానికి దగ్గర దగ్గర ఎనభై ఏళ్ళు పట్టింది. కీల్ నగరంలో కర్ట్ సెమ్ అని ఒక స్త్రీల వైద్యుడుండేవాడు. తన పనిముట్లు తనే రూపకల్పన చేసుకునే రకం, మన భాషలో చెప్పాలంటే టూల్స్ రాసుకునే ప్రోగ్రామరు. ఈయనకి మెదడేమన్నా దెబ్బతిందేమో స్కాన్ తీయించుకొమ్మన్నారు తోటి వైద్యులు. 1980 లో అపెండిక్స్ ని కీహోల్ లో తీసినప్పుడు ఆయన్ని వైద్యం చెయ్యనివ్వకూడదన్నంత దూరం వెళ్ళింది గొడవ. 1985 లో ఎరిక్ మ్యూహె పిత్తాశయం తీస్తే ఆయనకీ అవమానాలే. తర్వాత 1992 లో అదే జర్మన్ సర్జన్ల సంఘం ఆయనకి అవార్డిచ్చింది.

ఈ కథ మనకి బాగా ఎక్కుతుంది. కొత్తవాడు కనిపెడతాడు, పాతవాళ్ళు నవ్వుతారు, చివరికి కొత్తవాడు గెలుస్తాడు. మన ఫీల్డులో పెరిగినవాడెవడైనా ఈ కథ చదివితే కొత్తవాడి పక్షమే. ఆ రాత్రి గుంటూరులో నేనూ ఆ పక్షమే. అయితే పురిటి బిడ్డల పేగుల దగ్గరికొచ్చేసరికి కథ అంత తిన్నగా నడవలేదు.

ముందు సైజు సంగతి. మూడు కేజీల బిడ్డ ఒంట్లో ఉండే రక్తం పావు లీటరు, అంటే రెండు మూడు టీ గ్లాసులు. కీహోల్ చెయ్యాలంటే పొట్టని కార్బన్ డయాక్సైడ్ తో బుడగలా ఉబ్బించాలి. పెద్దవాళ్ళలో 12 నుంచి 15 మిల్లీమీటర్ల పాదరసం ఒత్తిడి పెడతారు. పసిబిడ్డలో అందులో సగం, 6 నుంచి 8. అంతకంటే పెంచితే పైనున్న ఊపిరితిత్తులకి చోటుండదు, గుండెకి రక్తం తిరిగిరాదు. పైగా పసిబిడ్డ ఒళ్ళు ఆ గ్యాసుని పెద్దవాళ్ళకంటే ఎక్కువగా పీల్చుకుంటుంది, రక్తంలో ఆమ్లం పెరుగుతుంది. అసలే పేగు మూసుకుపోయి ఉబ్బిన పొట్ట, అందులో కెమెరాకి చోటేదీ? 1971 లోనే అమెరికాలో స్టీఫెన్ గాన్స్ పసిపిల్లల పొట్టలోకి గొట్టంతో చూడొచ్చని చూపించాడు. చూడటం నుంచి కుట్టడానికి మళ్ళీ ఇరవై ఏళ్ళు పట్టింది. 3 మిల్లీమీటర్ల పనిముట్లు వచ్చేదాకా అది కుదరలేదు.

ఇక్కడ ఒక మాట. "పసిబిడ్డకి పేగు మూసుకుపోవడం" అన్నది ఒక జబ్బు కాదు, అరడజను జబ్బులు. మనవాళ్ళు "సర్వర్ డౌన్" అన్నట్టు. ఎందుకు డౌనయిందో దాన్నిబట్టి పని. కీహోలా, కోతా అని గంపగుత్తగా అడిగితే జవాబు లేదని నాకు తెలియడానికి చాలా రోజులు పట్టింది.

మా మేనల్లుడికి వచ్చినదానితో మొదలెడతాను, ఎందుకంటే అన్నిటిలోకీ విచిత్రమైనది అదే.

కడుపులో పిండానికి పేగు కొన్నాళ్ళు బొడ్డుతాడులోకి బయటికొచ్చి పెరుగుతుంది. మూడో నెల చివరికల్లా పొట్టలోకి తిరిగి వెళ్ళిపోతుంది. ఆ ప్రయాణంలో 270 డిగ్రీలు తిరిగి, ఒక చివర పైన ఎడమపక్క, ఇంకో చివర కింద కుడిపక్క అతుక్కుంటుంది. రెండు మేకులకి దూరదూరంగా కట్టిన దండెంలా అన్నమాట. దండెం వెడల్పుగా ఉంటే బట్టలు మెలిపడవు. కొందరిలో ఈ తిరగడం సగంలో ఆగిపోతుంది. రెండు మేకులూ పక్కపక్కనే పడతాయి. అప్పుడు మొత్తం చిన్న పేగు ఒక సన్నటి కాడకి వేలాడుతుంది, ఆ కాడలోంచే రక్తనాళం. ఎప్పుడైనా ఆ కాడ మెలి తిరిగిందా, పేగంతటికీ రక్తం బంద్. కొన్ని గంటల్లో నల్లబడిపోతుంది. బయటికి కనిపించే గుర్తు, ఆకుపచ్చ వాంతి.

దీనికి దారి చూపించినవాడు బోస్టన్ పిల్లల ఆసుపత్రి సర్జన్ విలియం లాడ్. 1917 డిసెంబరులో కెనడాలో హాలిఫాక్స్ రేవులో మందుగుండు ఓడ పేలి దాదాపు రెండు వేలమంది చచ్చిపోతే, బోస్టన్ నుంచి వెళ్ళిన వైద్యుల్లో ఆయనొకడు. అక్కడ గాయపడ్డ పిల్లల్ని చూసి తన జీవితం పిల్లలకే అని నిర్ణయించుకున్నాడని ఒక కథ చెప్తారు. అంతకు ముందునుంచే ఆయన పిల్లల ఆసుపత్రిలో ఉన్నాడు గనక ఆ కథకి కాస్త పోపు పెట్టారేమో. ఏదేమైనా, పిల్లలంటే చిన్న సైజు పెద్దవాళ్ళు కాదు, వాళ్ళ సర్జరీ వేరే విద్య అని పట్టుబట్టినవాళ్ళలో ఆయన ముందువరసలో ఉంటాడు.

1936 లో లాడ్ రాసిన పద్ధతి ఏమిటంటే: పొట్ట తెరువు. మెలిని గడియారానికి ఎదురు దిశలో విప్పు. పేగుకి అడ్డం పడి నొక్కుతున్న పొరల్ని కొయ్యి. కాడని వీలైనంత వెడల్పు చెయ్యి. చిన్న పేగుని కుడిపక్కకి, పెద్ద పేగుని ఎడమపక్కకి సర్దు. అపెండిక్స్ తీసెయ్యి, ఎందుకంటే అదిప్పుడు ఎడమపక్క ఉంటుంది, రేపు దానికి నొప్పొస్తే ఏ డాక్టరూ కనిపెట్టలేడు. అంతే.

గమనించారా? పేగుని మామూలు మనుషుల్లో ఉండే స్థానంలో ఆయన పెట్టలేదు. అలా పెట్టి కుట్టి చూసిన ప్రయత్నాలు నిలబడలేదు. బగ్ ని సరిచెయ్యలేదు లాడ్, వర్క్ అరౌండ్ రాశాడు. ఆ వర్క్ అరౌండ్ ఎనభై ఏళ్ళు దాటి ఇంకా ప్రొడక్షన్ లో ఉంది. ఇలాంటిది రాసినవాడికి దణ్ణం పెట్టాలి.

అయితే దాంట్లో ఒక రహస్యం ఉంది. పొట్ట తెరిచి పేగుల్ని చేత్తో బయటికి తీసి, సర్ది, మళ్ళీ పెట్టినప్పుడు ఆ రాపిడికి పేగులు అక్కడక్కడ లోపలి గోడకి, ఒకదానికొకటి అతుక్కుంటాయి. పొట్ట ఆపరేషన్లన్నిటిలోనూ ఈ అతుక్కోవడం శత్రువు. ఏళ్ళ తర్వాత ఆ అతుకుల దగ్గరే పేగు మడతపడి మళ్ళీ ఆసుపత్రికి రావాలి. కీహోల్ సర్జరీ గొప్పల్లో ఒకటి, ఈ అతుకులు తక్కువ పడటం. కానీ లాడ్ ఆపరేషన్ లో ఆ అతుకులే మేకులు! సర్దిన పేగు సర్దిన చోట ఉండేది కొంతవరకు వాటి పుణ్యమే అని చాలామంది సర్జన్ల నమ్మకం.

1995 లో డచ్ సర్జన్లు వాన్ డెర్ జీ, బాక్స్ ఇదే జబ్బుకి, మెలిపడ్డ పురిటి బిడ్డకి, కీహోల్ లో చేసి చూపించారు. విప్పడం, పొరలు కొయ్యడం అన్నీ అలాగే చెయ్యొచ్చు. పెద్ద గాటు లేదు, పాలు తాగడం త్వరగా మొదలవుతుంది, ఇంటికి త్వరగా వెళ్తారు. కానీ తర్వాత లెక్కలు కూడితే, 2016 లో వచ్చిన ఒక సమీక్షలో, పేగు మళ్ళీ మెలిపడటం కీహోల్ చేసినవాళ్ళలో ఎక్కువ కనిపించింది. రెండు పక్కలా తక్కువే, నూటికి ఒకళ్ళిద్దరూ ముగ్గురు నలుగురూ అన్న లెక్క. పైగా ఇవి చీటీ తీసి పంచిన ప్రయోగాలు కావు, పాత కేసుల కాగితాలు తిరగేసిన లెక్కలు. కాస్త బాగున్న పిల్లల్నే కీహోల్ కి ఎంచుకుని ఉంటారు కూడా. కాబట్టి కోర్టు తీర్పులా చూడకూడదు. కానీ మళ్ళీ మెలిపడటమంటే మామూలు రీఓపెన్ కాదు, బిడ్డ ప్రాణం.

మనలో పాత సిస్టమ్ ని తిరగరాసినవాళ్ళకి ఇది వెంటనే తెలుస్తుంది. పాత కోడ్ లో ఒక చెత్త లూపు ఉంటుంది, ఎవడు రాశాడో తెలీదు, మూడు సెకన్లు ఊరికే తింటుంది. శుభ్రం చేస్తాం. మర్నాడు ఎక్కడో ఇంకో మాడ్యూల్ పడిపోతుంది, అది ఆ మూడు సెకన్ల మీదే బతుకుతోందని అప్పుడు తెలుస్తుంది.

ఇంకో రకం: చిన్న పేగు మధ్యలో తెగిపోయినట్టో మూసుకుపోయినట్టో పుట్టడం. ఇది ఎందుకొస్తుందన్నదానికి 1900 లో టాండ్లర్ అనే ఆయన చెప్పిన సిద్ధాంతం ఒకటుండేది. పిండంలో పేగు ముందు గట్టి కడ్డీలా ఉండి తర్వాత బోలుగా అవుతుందనీ, అలా బోలుగా అవ్వని చోట మూసుకుపోతుందనీ. సర్జన్లు ఆ ప్రకారం మూసుకున్న చోటు దాటించి రెండు కొసలూ కలిపి కుట్టేవాళ్ళు. కుట్టు బాగానే ఉండేది, బిడ్డ మాత్రం పోయేది.

కేప్ టౌన్ లో జానీ లౌ అనే సర్జన్ కి ఇది మింగుడు పడలేదు. పిండంగా ఉన్నప్పుడే ఆ ముక్కకి రక్తం ఆగిపోయి ఉంటుందని ఆయన అనుమానం. రుజువు చెయ్యమని ఒక కుర్ర సర్జన్ కి అప్పజెప్పాడు. ఆ కుర్రాడు గర్భంతో ఉన్న కుక్కల కడుపు తెరిచి, లోపల కుక్కపిల్ల పిండం పేగుకి వెళ్ళే రక్తనాళాన్ని ముడేసి, మళ్ళీ గర్భంలో పెట్టి కుట్టి, పుట్టేదాకా ఆగాడు. తొమ్మిది నెలలు, నలభై మూడు ప్రయత్నాలు. చివరికి పుట్టిన కుక్కపిల్లకి అచ్చం బిడ్డలకి వచ్చే జబ్బే వచ్చింది. 1955 లో ఇద్దరూ కలిసి లాన్సెట్ లో రాశారు. ఆ కుర్రాడి పేరు క్రిస్టియాన్ బర్నార్డ్. అవును, 1967 లో మొట్టమొదటి గుండెమార్పిడి చేసిన బర్నార్డే. గుండె మార్చినందుకు ప్రపంచమంతా తెలిసింది, ఈ పని మాత్రం ఎవరికీ తెలీదు. కుక్కల సంగతి తలుచుకుంటే నాకు మనసు బాగుండదు, ఆ మాట దాచను.

దానివల్ల మారిందేమిటంటే, కుట్టేముందు రక్తం సరిగా అందని 15, 20 సెంటీమీటర్ల పేగుని తీసి పారెయ్యాలని తెలిసింది. బతకని కొసల్ని ఎంత అందంగా కుట్టినా అతకదు. పొట్ట మీద గాటు సైజు అదే, సర్జన్ చెయ్యి అదే, బిడ్డలు బతకడం మొదలెట్టారు. ఈ జబ్బుకి ఇవ్వాళ కీహోల్ చేసే చోట్ల కూడా చాలామంది కెమెరాతో చూసి చోటు పట్టుకుని, బొడ్డు దగ్గర చిన్న గాటులోంచి పేగుని బయటికి లాగి, బయటే చేత్తో కుడతారు. కీహోలా, కోతా? రెండూను.

కుట్టాక బిడ్డ తినాలి కదా. వారాల తరబడి పేగు పనిచెయ్యకపోతే ఆకలితో పోయేవాళ్ళు. 1967 లో ఫిలడెల్ఫియాలో స్టాన్లీ డుడ్రిక్, డగ్లస్ విల్మోర్ చిన్న పేగు దాదాపు లేకుండా పుట్టిన ఒక ఆడపిల్లని రక్తనాళం ద్వారానే అన్నీ ఎక్కించి పెంచారు. అంతకు ముందు కుక్కపిల్లల్ని అలా పెంచి చూశారు. ఆ పాప 22 నెలలు బతికింది, ఎదిగింది. పేగు ఆపరేషన్ అయిన బిడ్డల్ని తర్వాత బతికించింది చాలావరకు ఈ సీసా. దీన్ని ఎవరూ కీహోల్ అనరు గానీ, నన్నడిగితే అసలైన చిన్న రంధ్రం ఇదే.

జీర్ణాశయం దాటగానే వచ్చే పేగు మొదటి భాగం మూసుకుపోవడం ఇంకో రకం. ఎక్స్ రేలో రెండు గాలి బుడగలు పక్కపక్కన కనిపిస్తాయి, మెడిసిన్ విద్యార్థి కూడా గుర్తుపట్టేస్తాడు. ఈ బిడ్డల్లో దాదాపు మూడోవంతు మందికి డౌన్ సిండ్రోమ్ కూడా ఉంటుంది. అందుకే వీళ్ళ చరిత్రలో ఒక చీకటి పేజీ ఉంది. అమెరికాలో, పేరున్న జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో, ఇలాంటి బిడ్డకి ఆపరేషన్ వద్దని తల్లిదండ్రులు అంటే, డాక్టర్లు సరేనని బిడ్డని ఒక పక్కన పెట్టారు. ఆకలితో చనిపోవడానికి 15 రోజులు పట్టింది. ఆ ఉదంతం మీద 1971 లో ఒక సినిమా కూడా తీశారు. పద్ధతి తెలుసు, చేతులున్నాయి, గది ఉంది. చెయ్యలేదు. పెద్ద కోతా చిన్న కోతా అని మనం కొట్టుకునేది, ఆ బిడ్డని బల్ల మీదికి ఎక్కించాలని ఒప్పుకున్నాక వచ్చే సంగతి.

ఈ జబ్బుకి 1977 లో జపాన్ సర్జన్ కిమురా వజ్రాకారంలో కలిపి కుట్టే పద్ధతి చెప్పాడు. తెరిచి చేస్తే చక్కగా పనిచేస్తుంది. 2001 లో ఇందాక చెప్పిన బాక్సే, యూట్రెక్ట్ లో, అదే కుట్టుని కీహోల్ లో వేసి చూపించాడు. ఆవగింజల మీద అక్షరాలు రాయడం లాంటి పని, అదీ రెండు పొడుగాటి పుల్లలతో. అందరూ చప్పట్లు. అయితే యూట్రెక్ట్ లో కొందరు బిడ్డలకి కుట్టు కారడం మొదలైంది. వాళ్ళేం చేశారో తెలుసా? ఆపేశారు. లోకానికి నేర్పినవాళ్ళే మానేసి మళ్ళీ తెరిచి చెయ్యడం మొదలెట్టారు. కొన్నేళ్ళ తర్వాత, కీహోల్ లో కుట్టే నేర్పు పెరిగిందని నమ్మకం కుదిరాక, మళ్ళీ మొదలెట్టారు. 2011 లో ఈ కథంతా వాళ్ళే కాగితం మీద పెట్టారు. నాకు ఈ మొత్తం చరిత్రలో అందరికంటే ఎక్కువ గౌరవం వీళ్ళ మీద. తను రాసిన ఫీచర్ ని తనే రోల్ బ్యాక్ చేసి, ఎందుకు చేశాడో నలుగురి ముందు చెప్పిన ఆర్కిటెక్టుని ఇన్నేళ్ళ సర్వీసులో నేనొక్కణ్ణే చూశాను, అదీ రాజీనామా చేసి వెళ్ళేరోజున.

సరిగ్గా చీటీ తీసి పంచి పోల్చిన చోటు కూడా ఒకటుంది. నిజానికది పేగు కాదు, జీర్ణాశయం బయటికి తెరుచుకునే ద్వారం దగ్గర కండ దళసరెక్కి దారి మూసుకుపోవడం. పుట్టిన కొన్ని వారాలకి వస్తుంది, పాలు పిచికారీలా ఎగజిమ్ముతాయి. వాంతిలో పసరుండదు. 1911 లో జర్మనీలో కాన్రాడ్ రామ్ స్టెట్ ఆ కండని నిలువుగా చీల్చి, మళ్ళీ అడ్డంగా కుట్టబోతే కుట్లు నిలవకుండా ఊడిపోయాయి. తర్వాతి బిడ్డకి కుట్టకుండా అలాగే వదిలేశాడు. అదే మేలని తేలింది. వందేళ్ళుగా అదే ఆపరేషన్. 1990 లో ఫ్రాన్సులో అలాన్ బృందం దాన్నే కీహోల్ లో చేసింది. తర్వాత 2009 లో లాన్సెట్ లో ఒక ప్రయోగం వచ్చింది: 180 మంది పిల్లలు, ఎవరికి ఏ పద్ధతి చేశారో తల్లిదండ్రులకీ చూసుకునేవాళ్ళకీ తెలియనివ్వలేదు. పూర్తిగా పాలు తాగడానికి తెరిచి చేసినవాళ్ళకి 23.9 గంటలు పడితే, కీహోల్ వాళ్ళకి 18.5 గంటలు. ఆసుపత్రిలో ఉన్నది 43.8 గంటలూ, 33.6 గంటలూ.

అంటే పాల దగ్గర అయిదు గంటలు, ఇంటికెళ్ళడం దగ్గర పది గంటలు తేడా. తీసిపారేసేది కాదు, బిడ్డ ఏడుస్తుంటే అయిదు గంటలు ఎంతో తల్లికి తెలుసు. కానీ నేను ఆ రాత్రి ఊహించుకున్న, ఆటవికానికీ నాగరికతకీ ఉన్నంత తేడా మాత్రం కాదు. ఈలోపు తెరిచి చేసేవాళ్ళూ ఊరికే కూర్చోలేదు. 1986 లోనే టాన్, బియాంకి బొడ్డు చుట్టూ అర్ధచంద్రంలా కోసి అదే ఆపరేషన్ చేశారు. పెద్దయ్యాక మచ్చ బొడ్డు మడతలో కలిసిపోతుంది, వెతికినా దొరకదు.

నొప్పి తక్కువ అన్నది కీహోల్ కి ఇంకో గొప్ప. నిజమే. కానీ ఈ వాదన వెనక ఒక సిగ్గుచేటు చరిత్ర ఉంది. 1980 ల దాకా చాలా చోట్ల పసిగుడ్డుకి నొప్పి తెలీదనీ, తెలిసినా గుర్తుండదనీ, మత్తు ఇస్తేనే ప్రమాదమనీ చెప్పి, కదలకుండా ఉండే మందు మాత్రం ఇచ్చి కోసేవాళ్ళు. దాన్ని మార్చినవాళ్ళలో ముఖ్యుడు మనవాడే, ఇండోర్ లో మెడిసిన్ చదివి ఆక్స్ ఫర్డ్ వెళ్ళిన కన్వల్ జీత్ ఆనంద్. ఆపరేషన్ నుంచి తిరిగొచ్చిన పిల్లలు ఎందుకంత డీలా పడి ఉంటున్నారని అతనికి అనుమానం. నెలలు నిండని పిల్లల్లో కొందరికి మామూలు మత్తుకి తోడు ఫెంటానిల్ ఇచ్చి, కొందరికి ఇవ్వకుండా, రక్తంలో వచ్చే మార్పులు కొలిచాడు. నొప్పి మందు ఇచ్చినవాళ్ళే బాగా కోలుకున్నారు. 1987 లో ఇవన్నీ అచ్చయ్యాయి. 1987 అంటే నేను బడికి వెళ్తున్నాను. అప్పటికి పుట్టి ఆపరేషన్లయినవాళ్ళు మనలో, మన పక్క క్యూబికిల్స్ లో ఉంటారు.

ఇక ఒకే ఒక్క చోట ఈ తగువు మూడోవాడు తీర్చేశాడు. పెద్ద పేగు చివర నరాలు లేకుండా పుట్టే జబ్బుంది, 1886 లో డెన్మార్క్ డాక్టరు హిర్ష్ స్ప్రుంగ్ చెప్పాడు గనక ఆయన పేరే. 1948 లో స్వెన్సన్ పొట్ట తెరిచి ఆ ముక్క తీసి కిందికి లాగి కలిపే పద్ధతి చెప్పాడు. 1995 లో జార్జ్ సన్ కీహోల్ సాయంతో చేశాడు. ఇంక పాతా కొత్తా యుద్ధం మొదలవబోతుండగా 1998 లో మెక్సికోలో డె లా టోర్రె, ఒర్తేగా ఇద్దరూ పొట్ట మీద గాటే లేకుండా, మలద్వారం గుండానే మొత్తం పని కానిచ్చారు. జబ్బు పేగు చివరి కాస్త భాగంలోనే ఉన్న పిల్లలకి ఇవ్వాళ చాలా చోట్ల చేసేది అదే.

గుంటూరులో ఆ రాత్రి మూడున్నరకి డాక్టరుగారు బయటికొచ్చారు. చొక్కా తడిసిపోయి ఉంది. "విప్పి, గోరువెచ్చటి నీళ్ళలో ముంచిన గుడ్డలు కప్పి, పది నిమిషాలు చూస్తూ కూర్చున్నామండీ. చాలావరకు రంగు తిరిగింది. ఒక జానెడు తిరగలేదు, తీసేశాను. పేగు ఇంకా చాలా ఉంది, భయం లేదు" అన్నారు. కీహోల్ ఊసెత్తలేదు, నన్నేమీ అనలేదు. అంటే బాగుండేది.

తర్వాత నేను చదివినదాన్నిబట్టి, మెలిపడి ఒంట్లో బాగాలేని పురిటి బిడ్డకి ఇప్పటికీ చాలామంది సర్జన్లు తెరిచే చేస్తారు, కీహోల్ బాగా వచ్చినవాళ్ళు కూడా. ఆయన చెప్పింది తప్పించుకునే మాట కాదు. ఆ జానెడు పేగు సంతకానికి ముందే పోయిందా, నేను అంబులెన్సు రేట్లు కనుక్కుంటున్న రెండు గంటల్లో పోయిందా అన్నది మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు.

వాడిప్పుడు ఇంటర్ చదువుతున్నాడు. శుభ్రంగా తింటాడు. బొడ్డుకి పైన అడ్డంగా నాలుగు వేళ్ళ మచ్చ ఉంది, ఈతకి వెళ్ళినప్పుడు స్నేహితులు అడిగితే కత్తిపోటు అని చెప్తాడట. పోయిన సంక్రాంతికి అరిసెలు తింటూ "మావయ్యా, నాకు కీహోల్ ఎందుకు చెయ్యలేదు?" అనడిగాడు. లాడ్ గురించీ మేకుల గురించీ దండెం గురించీ అంతా చెప్పాను. మా బావ పక్కనే కూర్చుని వింటున్నాడు. రెండు గంటల సంగతి నేనూ చెప్పలేదు, ఆయనా చెప్పలేదు. మా చెల్లెలికి ఇప్పటికీ తెలీదు.